జన్మభూమి సుంకము

అమెరికాలో నున్న తెలుగువారిద్దరు ఎచ్చట కలిసికొనినను కుశలప్రశ్నలు ముగియకమునుపే వినవచ్చు మాట యొకటి కలదు: “మీ తేది యెంతవరకు వచ్చినది?” ఆ వెనుకనే మరియొకటి: “మీరు ఏ దారిలో వేసితిరి?” ఉద్యోగము మూలమున శాశ్వత నివాసమును, అనగా గ్రీన్‌కార్డును, సంపాదించుటకు గల మార్గములలో ఏది దగ్గర, ఏది దూరము, దేనికెన్ని యేండ్లు పట్టును అను విచారము నేడు మనవారి యిండ్లలో నిత్యపారాయణమైనది. నెలకొకమారు అమెరికా విదేశాంగశాఖ వీసా బులెటిన్ అను పట్టికను ప్రకటించును. మన పెద్దలు పంచాంగమున ముహూర్తము చూచినట్లు మన యువకులు ఆ పట్టికను చూతురు. పంచాంగకర్తకు సూర్యచంద్రుల గమనమైన ఆధారము కలదు. ఈ పట్టికలోని తేదులు ముందునకే కాక వెనుకకును నడచును. ఒక్కొకప్పుడు నెలల తరబడి కదలకుండును. ఒక్కొకప్పుడు బొత్తిగా మాయమగును.

మార్గములను పోల్చి చూచుట తప్పని మేమనము. చట్టము పలు ద్వారములు తెరచినప్పుడు ఏది తనకు తగినదో విచారించుకొనుట వివేకియైనవాని ధర్మము. కాని ఈ పోలికలో మునిగి మనవారు ముఖ్యవిషయమును మరచుచున్నారు. ఈ మార్గములన్నియు తుదకొక సుంకపు గేటునొద్దకే చేరుచున్నవి. ఆ గేటునొద్ద నడుగునది విద్య కాదు, నేర్పు కాదు, కట్టిన పన్ను కాదు, పుట్టినచోటు. మరపు వలన నష్టపోవువారు మనవారు. లాభపడువారు దారులమ్ముకొను దళారులు. అందుచే ఈ వ్యవహారమును మొదటినుండి విప్పి చెప్పుట అవసరమని తలంచుచున్నాము. గుంటూరులోను, కరీంనగరములోను కూర్చుండి “మా వానికింకను కార్డు రాలేదేమి?” యని నిట్టూర్చు తల్లిదండ్రులకును ఇది తెలియవలసినదే.

1990లో అమెరికా కాంగ్రెసు చేసిన శాసనము ప్రకారము ఉద్యోగ మూలకముగ నిచ్చు శాశ్వత నివాసములు సంవత్సరమునకు 1,40,000. వీనిని ఐదు తరగతులుగ విభజించిరి. మొదటి మూడు తరగతులకును తలకు నూటికి 28.6 వంతులు. మొదటి తరగతియందు అసాధారణ ప్రజ్ఞ గలవారు, పేరుగాంచిన ఆచార్యులు, పరిశోధకులు, బహుళదేశ సంస్థల నిర్వాహకులు. రెండవ తరగతియందు ఉన్నత పట్టములు గలవారు. మూడవ తరగతియందు సామాన్య పట్టభద్రులు, పనివారు. ఇంతవరకు న్యాయముగనే యున్నది. కాని పిమ్మట నొక నిబంధన కలదు: ఏ యొక్క దేశమున పుట్టినవారికిని సామాన్యముగ నూటికి 7 వంతులకు మించి ఈయరాదు. లెక్క వేసినచో దేశమునకు 9,800. నాలుగు లక్షల జనమైన లేని ఐస్లాండునకును అంతే, నూట నలుబది కోట్లకు మించిన భారతదేశమునకును అంతే. ఆ సంఖ్యలో భార్యను, బిడ్డలను గూడ లెక్కింతురు. ఒక ఇంజనీరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు కలిసి నాలుగు సంఖ్యలు మ్రింగుదురు. ఇతరదేశములవారు వాడక మిగిలినవి కొన్ని సంవత్సరములందు మనవారికి దక్కిన మాట నిజమే. సత్రమున మిగిలిన అన్నము వంటిది. దానిని నమ్మి ఎవ్వడును సంసారము సాగింపజాలడు.

ఇక గేటు వరకు పోవు దారి సంగతి. రెండవ, మూడవ తరగతులకు సామాన్యముగ పెర్మ్ అను కార్మికశాఖ ధ్రువపత్రము కావలయును. 2005 నుండి ఈ పద్ధతి అమలులో నున్నది. మొదట ఆ ఉద్యోగమునకు చెల్లుబడి యగు జీతమెంతయో కార్మికశాఖ నిర్ణయింపవలెను. పిమ్మట యజమాని రెండు ఆదివారముల వార్తాపత్రికలలో ప్రకటన వేసి, రాష్ట్రపు ఉద్యోగ కార్యాలయమున ముప్పది దినములు విజ్ఞప్తి నిలిపి, అమెరికా పనివాడు ఎవ్వడును దొరకలేదని చూపవలెను. వినోదమేమనిన, ఆ కుర్చీలో మనవాడు అప్పటికే ఏండ్ల తరబడి కూర్చుండి పని చేయుచుండును. ఆ కుర్చీకి తగినవాడెవ్వడైన కలడా యని అతని యెదుటనే చాటింపు వేయుదురు. ఈ ధ్రువపత్రము పరిశీలనకే 2025లో ఏడాదికి పైగ పట్టుచుండెను. జీతనిర్ణయమునకు పట్టు మాసములు అదనము. తరువాత యజమాని ఐ-140 అను అర్జీ వేయును. దీనికి తొందర రుసుము కలదు. 2024 ఫిబ్రవరి నుండి దానిని 2,805 డాలర్లు చేసిరి. ఆ సొమ్ము చెల్లించినవానికి ఎక్కువ అర్జీలయందు 15 పనిదినములలో ప్రత్యుత్తర మిత్తురు. ఇట్లు పదునైదు దినములలో ‘నీవు అర్హుడవు’ అని తీర్పు చెప్పించుకొని మనవాడు పండ్రెండేండ్లు వరుసలో నిలుచుండును! తొందరకు సొమ్ము తీసికొను ప్రభుత్వము జాప్యమునకు మాత్రము జవాబుదారి కాదు.

2025 అక్టోబరు పట్టికను చూడుడు. మొదటి తరగతిలో భారతదేశమున పుట్టినవారికి వచ్చిన తేది 2022 ఫిబ్రవరి 15. ఇతరదేశములలో పెక్కింటికి వరుసయే లేదు. రెండవ తరగతిలో మనవారికి 2013 ఏప్రిలు 1. ఆ పెక్కు దేశములవారికి 2023 డిసెంబరు 1. మూడవ తరగతిలో మనవారికి 2013 ఆగష్టు 22. వారికి 2023 ఏప్రిలు 1. అనగా ఒకే కార్యాలయమున, ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండి, ఒకే పని చేయు ఇద్దరిలో పోలెండున పుట్టినవాడు రెండేండ్లు ఆగును, పొన్నూరున పుట్టినవాడు పండ్రెండేండ్లు ఆగి అప్పుడు వంతు చూచుకొనును. పండ్రెండేండ్లన్నది వరుసలో ముందు చేరినవాని సంగతి. నేడు చేరువాని మాట వేరు. 2020లో అమెరికా కాంగ్రెసు పరిశోధన విభాగమే లెక్కించి, ఆ సంవత్సరమున రెండవ తరగతిలో క్రొత్తగ చేరు భారతీయునకు 195 సంవత్సరములు పట్టవచ్చునని తెలిపెను. 2023లో కేటో ఇన్‌స్టిట్యూటు వేసిన అంచనాయందు వరుసలో నున్న భారతీయులు సుమారు 11 లక్షలు. క్రొత్తవారికి పట్టు కాలము 134 సంవత్సరములు. వరుసలోనే కన్నుమూయువారు నాలుగు లక్షలకు పైబడుదురు. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి వీసా పొందినవాడు నూటయెనిమిది ప్రదక్షిణములతో మ్రొక్కు తీర్చుకొనును. ఈ కార్డునకు మ్రొక్కుకొనినవాని మ్రొక్కు మునిమనుమడు తీర్చవలసి యుండును.

పై తేదులలో నొక వింతను పాఠకులు గమనించియే యుందురు. మూడవ తరగతి రెండవ తరగతికంటె ముందున్నది. రైలులో రెండవ తరగతి టిక్కెట్టు కొనినవాడు మూడవ తరగతి పెట్టెయే ముందు చేరునని తెలిసి అందులోనికి దుమికినట్లు, 2020 అక్టోబరున మనవారు వేలకొలది దుమికిరి. మహమ్మారి వలన కుటుంబ మూలక వీసాలు వాడబడక ఆ మిగులు ఉద్యోగ తరగతులకు వచ్చి చేరెను. మూడవ తరగతిలో అర్జీ వేయదగిన తేది 2015 జనవరి 1 వరకు వచ్చెను. రెండవ తరగతిలో 2011 మే 15 వద్దనే నిలిచెను. పట్టములు గలవారు, అనుభవము గలవారు “మేము అంతటివారము కాము” అని తమ్ము తాము తగ్గించుకొని అర్జీలు తిరుగవ్రాయించుకొనిరి. తరువాత నేమయ్యెను? రెండేండ్లలో రెండవ తరగతి 2014 డిసెంబరు వరకు దుమికెను. దిగినవారు మరల నెక్కుటకు పరుగులిడిరి. వారెక్కునంతలో 2022 డిసెంబరు పట్టికలో అది 2011 అక్టోబరు 8కి వెనుదిరిగెను. 2023 జూలైలో మూడవ తరగతి 2009 జనవరి 1కి పోయెను. ఆగష్టులో మొదటి తరగతి 2012 జనవరి 1కి పోయెను. ఎక్కినవాడు, దిగినవాడు, కదలక కూర్చున్నవాడు ముగ్గురును దాదాపు ఒకచోటనే మిగిలిరి. లాభము పొందినవారు అర్జీకొక రుసుము పుచ్చుకొనిన న్యాయవాదులు. మేమును ఆ వృత్తిలోని వారమే గనుక ఈ మాట చెప్పుటకు మాకు సంకోచము లేదు.

ఆ యేడే మరియొక అన్యాయము జరిగెను. 2021 ఆర్థిక సంవత్సరమున ఉద్యోగ తరగతులకు సుమారు 2,62,000 సంఖ్యలు లభింపగా, కార్యాలయములు వానిని సకాలమున వాడజాలక అరువది వేలకు పైగ వ్యర్థము చేసినవి. సెప్టెంబరు 30 దాటినంతనే అవి నశించెను. దాహార్తుల యెదుట కుండ పగులగొట్టుట దీనికంటె క్రూరమా?

కొందరు “యజమానితో పనిలేని మార్గములు కలవు కదా” యందురు. కలవు. దేశహితము నిమిత్తము ధ్రువపత్రమును మినహాయించు ఎన్‌ఐడబ్ల్యు అను పద్ధతి రెండవ తరగతిలో కలదు. 2016లో వచ్చిన యొక తీర్పు దాని పరీక్షలను సులభతరము చేసెను. అర్జీదారుడు తనకు తానే వేసికొనవచ్చును. యజమాని దయపై నాధారపడనక్కరలేదు. మంచిదే. కాని వరుస మాత్రము అదే రెండవ తరగతి వరుస! యజమానినుండి విడుదల దొరకును గాని జన్మస్థానమునుండి దొరకదు. మొదటి తరగతియందలి అసాధారణ ప్రజ్ఞ మాట మరియు చెడ్డది. నిజమైన పండితులకై యేర్పడిన ఆ ద్వారమునొద్దకు కొనితెచ్చుకొనిన బిరుదులతో, సొమ్మిచ్చి వేయించుకొనిన వ్యాసములతో, ఒకరికొకరు వ్రాసికొనిన పొగడ్తలతో కొందరు బయలుదేరిరి. ఈ సరకును అమ్మువారు ఊరూర వెలసిరి. దీనివలన నిజమైన విద్వాంసుని అర్జీని గూడ అనుమానముతో చూచు దినములు వచ్చినవి. సంవత్సరమునకై స్వదేశము వచ్చి సంస్థలో మేనేజరు పదవి చేసి, ఆ నెపమున మొదటి తరగతిలో తిరిగి ప్రవేశించుట చట్టసమ్మతమే. పెద్ద సంస్థల వారికది సాధ్యము. చిన్న యుద్యోగికి ఆ మెట్టు అందదు.

దేశములోనే యుండి స్థితి మార్చుకొను ఐ-485 దారియా, ముంబయిలోని దౌత్యకార్యాలయము ద్వారా వచ్చు దారియా యనియు తర్జనభర్జన చేయుదురు. వరుస రెండింటికి నొక్కటే. భేదము గేటునొద్దకు చేరిన పిమ్మటనే. ఐ-485 వేసినవానికి పనిచేయు పత్రము, ప్రయాణపు పత్రము లభించును. నూటయెనుబది దినములు గడచినచో అదే విధమగు పనికి యజమానిని మార్చుకొనవచ్చును. ఆ యర్జీ వేయుటకైన తేది రావలయును గదా! అంతవరకు హెచ్-1బి వీసాపై నుండవలెను. 2000 సంవత్సరపు శాసనము ఆరేండ్ల గడువును దాటి మూడేసి యేండ్ల చొప్పున పొడిగించుకొన ననుమతించెను. అది దయయే. అయితే ఆ దయయే వరుసను భరింపదగినదిగ చేసి, దానిని శాశ్వతము చేసెను. ఉద్యోగము పోయినచో అరువది దినములు. అంతలో మరియొక యజమాని దొరకకున్న ఇల్లు, వాకిలి, బడి, వరుసలోని సంవత్సరములు అన్నియు గాలిలో దీపములు. ఇట్టివానిని యజమాని జీతము పెంచుమని యడుగనిచ్చునా? పదవి మార్చుమని యడుగనిచ్చునా?

ఇక ధనవంతుల దారి. ఐదవ తరగతిలో 2022 సవరణ శాసనము ప్రకారము గ్రామీణ ప్రాంతమున 8,00,000 డాలర్లు పెట్టుబడి పెట్టువారికి నూటికి ఇరువది వంతులు ప్రత్యేకించిరి. 2025 అక్టోబరు పట్టికలో ఆ ప్రత్యేక భాగమునకు, అర్జీదారుడు భారతదేశమున పుట్టినవాడైనను సరే, వరుస లేదు! అదే సంవత్సరము సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంపు రెండు ఉత్తరువులు చేసెను. ఒకటి గోల్డ్ కార్డు: పది లక్షల డాలర్లు కానుకగ నిచ్చినవానికి ఆ కానుకయే ప్రజ్ఞకును దేశహితమునకును నిదర్శనమై మొదటి, రెండవ తరగతుల అర్హతను కలిగించును. రెండవది హెచ్-1బి క్రొత్త అర్జీలపై లక్ష డాలర్ల రుసుము. ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చదివినవారికి వ్యాఖ్యానముతో పనిలేదు. పండ్రెండేండ్లు పన్నులు కట్టినవాని నేర్పు దేశహితము కాదు. ఒక్క దినమున నిచ్చిన సొమ్ము దేశహితము. ఐదవ తరగతి నిధికై ఊరిలోని పొలము, నగరములోని స్థలము అమ్మి పంపిన తండ్రులు మనలో లేకపోలేదు. అప్పు మాత్రము మనది, గ్రామీణాభివృద్ధి మాత్రము వారిది.

ఈ జన్మస్థాన విచారము నిన్న మొన్న పుట్టినది కాదు. 1917 శాసనము ఆసియాలో అధికభాగమునకు గీత గీసి భారతీయుల ప్రవేశమును నిషేధించెను. 1923లో అమెరికా సుప్రీముకోర్టు, ఆ దేశపు సైన్యములోనే పనిచేసిన భగత్‌సింగ్ తిండ్ అను పంజాబీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరుడు కాజాలడని తీర్పు చెప్పెను. ఆ తీర్పును బట్టి అంతకుమునుపు పౌరులైన భారతీయుల పౌరత్వములను గూడ ఊడబెరికిరి. 1946లో ట్రూమను సంతకము చేసిన శాసనము సంవత్సరమునకు నూరుగురు భారతీయులను రానిచ్చెను. నూరుగురు! 1965లో అధ్యక్షుడు జాన్సను స్వాతంత్ర్యదేవత విగ్రహపు పాదములచెంత సంతకము చేసి, జాతిమూలములను బట్టి వంతులు వేయు పద్ధతిని రద్దు చేసెను. ఆ శాసనమునందే జాతిని బట్టియు, పుట్టినచోటును బట్టియు వలసవీసా ఇచ్చుటయందు పక్షపాతము చూపరాదని వ్రాసిరి. ఎంత గంభీరమైన వాక్యము! కాని ఆ వాక్యము ‘దిగువ రెండవ పేరాయందు చెప్పినది తప్ప’ అను అర్థముగల మాటతో నారంభమగును. ఆ రెండవ పేరాయే దేశమునకింతయను పరిమితి. తలుపు తీసి గడియ లోపల నుంచుకొనిరి.

ఈ నిబంధన పౌరత్వమును చూడదు, పుట్టుకనే చూచును. నెల్లూరున పుట్టి కెనడా పౌరుడైనవాడు భారతదేశపు వరుసలోనే నిలువవలెను. తండ్రి ఉద్యోగరీత్యా మస్కటులోనున్నప్పుడు పుట్టిన నెల్లూరువానికి వరుస దాదాపు లేదు. ఆతడు భారతీయ పౌరుడే, తెలుగువాడే, మనవాడే. భార్య వేరు దేశమున పుట్టినదైనచో భర్త ఆమె దేశపు లెక్కలో చేరవచ్చును. ఇక పెండ్లిచూపులలో జాతకముతో పాటు ప్రసవమైన ఆసుపత్రి యేదేశమునదో విచారింపవలసి వచ్చునేమో! నవ్వునకు చెప్పినమాట గాని, నవ్వవలసినది కాదు.

అన్నిటికంటె ఎక్కువగ దహించునది పిల్లల సంగతి. మన ఆచారము ప్రకారము తొలికాన్పు పుట్టింట జరుగును. ఆ బిడ్డ తెనాలిలోనో, వరంగల్లులోనో పుట్టి రెండేండ్లకు తలిదండ్రులతో అమెరికా చేరును. రెండవ బిడ్డ న్యూజెర్సీలో పుట్టి పుట్టుకతోనే పౌరుడగును. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచమున తిని, ఒకే బడిలో చదివిన ఇద్దరిలో పెద్దపిల్లకు ఇరువదియొకటవ యేడు నిండినంతనే తండ్రి వరుసలో స్థానము పోవును. అటుపిమ్మట ఆమె విదేశీ విద్యార్థినియై విద్యార్థి వీసా కోరవలెను, లేనిచో తనకు జ్ఞాపకమైన లేని దేశమునకు తరలవలెను. 2002లో పిల్లల స్థితిరక్షణ శాసనము చేసిరి. అర్జీ పరిశీలనలో నున్న కాలమును వయస్సునుండి తగ్గించుట దాని యుపకారము. దశాబ్దముల వరుసకు నెలల తగ్గింపు ఏపాటి? 2023 ఫిబ్రవరిలో వలసశాఖ వయోగణనకు అర్జీతేదుల పట్టికను ఆధారము చేసికొని కొందరు పిల్లలకు ఊపిరినిచ్చెను. 2025 ఆగష్టు 15 నుండి వేయు అర్జీలకు ఆ యూపిరిని తిరిగి తీసికొనెను. ఆ తేదిని చదివినప్పుడు మా మనస్సు చివుక్కుమన్నదని వ్రాయకుండ ఉండలేము.

మాకు ప్రత్యుత్తర మిచ్చువారు కలరు. ఎవరిని రానీయవలెనో నిర్ణయించుకొనుట ప్రతిదేశమునకును గల హక్కు గదా యని యొక మాట. ఒప్పుకొంటిమి. ద్వారము మూసికొనుట వారి హక్కే. మా వాదము దానిపై గాదు. రమ్మని పిలిచి, పని చేయించుకొని, పన్ను తీసికొని, అర్హుడవని వ్రాతమూలముగ తీర్పిచ్చి, పిమ్మట నీ తల్లి నిన్నెచ్చట కన్నదని యడుగుటపై మా వాదము. దేశపరిమితిని తీసివేసినచో కొన్ని యేండ్లపాటు సంఖ్యలన్నియు భారతీయులే కొనిపోదురు, ఇతరులు నష్టపడుదురు అని మరియొక మాట. ఇందు సత్యము కలదు. దీనిని కొట్టివేయువాడు న్యాయముగ వాదించువాడు కాడు. కాని ఆ నష్టమునకు మందు వేరే యున్నది: వ్యర్థమైన సంఖ్యలను తిరిగి జమకట్టుట, భార్యాబిడ్డలను లెక్కనుండి తీసివేయుట. అప్పుడు ఒకని కంచము లాగి మరియొకనికి వడ్డింప నక్కరలేదు. మూడవ మాట మన దేశమునుండియే వచ్చును: “అంత అవమానపడి అచ్చటనే యుండనేల? తిరిగి రారాదా?” వచ్చువారు రావచ్చును, వారిని మేము శిరసావహింతుము. అయితే ఈ మాట అనువారికొక లెక్క తెలియవలెను. అమెరికా సామాజిక భద్రతా పింఛనునకు నలుబది త్రైమాసికముల చందా, అనగా కనీసము పదేండ్ల పని కావలెను. 2025 నాటికి మన దేశమునకును ఆ దేశమునకును దీనిపై ఒడంబడిక లేదు. ఆరేండ్లు, ఎనిమిదేండ్లు కట్టి తిరిగివచ్చినవాని చందా అచ్చటనే నిలిచిపోవును. తిరిగి రమ్మని పిలుచుటకు ముందు ఈ ఒడంబడిక సాధింపుమని ఢిల్లీ ప్రభుత్వమును నిలదీయుట మన పని.

మనవారు ఎన్నడును నోరు విప్పలేదా? విప్పిరి. 2007 జూలై పట్టికలో ఉద్యోగ తరగతులన్నిటికిని దాదాపుగ తేదులు తెరచి, అర్జీలకై జనులు వైద్యపరీక్షలు, పత్రములు, ప్రయాణములు ముగించుకొనిన పిమ్మట, జూలై 2వ తేదిన సంఖ్యలు లేవని ప్రకటించిరి. అప్పుడు భారతీయులు రాళ్లు రువ్వలేదు, దూషింపలేదు. వలసశాఖ అధిపతి ఎమీలియో గొంజాలెజ్ కార్యాలయమునకు పూలగుత్తులు పంపిరి. వందలకొలది గుత్తులు వచ్చి పడగా, ఆయన వానిని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలోని గాయపడిన సైనికులకు పంపెను. జూలై 17న శాఖ తన ప్రకటనను వెనుకకు తీసికొని ఆగష్టు 17 వరకు అర్జీలు పుచ్చుకొనెను. మహాత్ముని మార్గము ఇరువది యొకటవ శతాబ్దమున వాషింగ్టనులో ఫలించిన నిదర్శనమిది. కలిసి నడచిన పదిహేను దినములలో కలిగిన ఫలితము, విడివిడిగ దారులు వెదకికొనిన పదిహేనేండ్లలో కలుగలేదు.

శాసనమును మార్చు ప్రయత్నములును దగ్గరవరకు వచ్చి పోయినవి. 2011 నవంబరులో ప్రతినిధుల సభ 389 వోట్లకు 15 వోట్లతో ఉద్యోగ తరగతుల దేశపరిమితిని తీసివేయ సమ్మతించెను; సెనేటు దానిని కదలనీయలేదు. 2019 జూలై 10న మరల 365కు 65. 2020 డిసెంబరు 2న సెనేటు తన బిల్లును ఏకగ్రీవముగ ఆమోదించెను. రెండు సభలును వేర్వేరుగ ఒప్పుకొనియు, రెండు బిల్లులకు గల భేదము తీరక ఆ కాంగ్రెసు కాలము ముగిసెను; బిల్లు చచ్చెను. 2022 డిసెంబరున మరియొక బిల్లు సభకు వచ్చినట్లే వచ్చి వెనుదిరిగెను. ఒడ్డునకు వచ్చిన ఓడ నాలుగు మారులు తిరిగిపోయిన పిమ్మట నావికుల తప్పేమియు లేదనుట ఎట్లు?

ఇచ్చటనే మనవారిని మేము నిందింపక తప్పదు. కార్డు చేతికందిన మరునాడు మనవాడు వరుసను మరచును; ఆ మరునాడు వరుసలోనున్నవానిని హేళన చేయును; కొందరు మరియు ముందునకుబోయి, ఇక వలసలు చాలునని ఉపన్యసింతురు. పౌరుడై వోటు గలవాడు మాటాడడు. మాటాడువానికి వోటు లేదు. మన తెలుగు సంఘములు రెండేండ్లకొకమారు మహాసభలు జరుపును. సినిమా తారలు వత్తురు, మంత్రులు వత్తురు, బంతిభోజనములు జరుగును, సన్మానములకు శాలువాలు చాలవు. సంతోషమే, భాషాభిమానమును మేము తక్కువ చేయము. కాని ఆ మూడు దినములలో ఈ వరుసను గూర్చి చర్చ యెన్ని గడియలు? వేదికకు పిలిచిన కాంగ్రెసు సభ్యునికి దండ వేసి పంపుదురే గాని, “అయ్యా, తమరు వోటు ఎటు వేయుదురు?” అని యడుగరు. ఇంకను సిగ్గుపడదగిన విషయము: మనవారే నడుపు చిన్న సంస్థలలో కొన్ని, పెర్మ్ ఖర్చును, దాని న్యాయవాది రుసుమును పనివాని జీతమునుండి కోయుచున్నవి. 2007 నుండి కార్మికశాఖ నియమము ఆ ఖర్చు యజమానియే భరింపవలెనని స్పష్టముగ శాసించుచున్నది. అమీర్‌పేటలో చదివి, అప్పుచేసి విమానమెక్కిన కుర్రవాడు, “అన్నా” యని పిలిచిన యజమానిపై ఫిర్యాదు చేయలేడని ఎరిగి చేయు దోపిడి ఇది. పరాయివాని పరిమితిని ఖండించుటకు ముందు మన యింటిలోని ఈ కోతను ఆపవలెను.

రాబోవు మహాసభలకు సంఘముల పెద్దలు ఇప్పటినుండియే సన్నాహములు చేయుచున్నారు. ఒక్క పూట ఈ విషయమునకు కేటాయింపుడని వారిని కోరుచున్నాము. తీర్మానము పొడవుగ నుండనక్కరలేదు. ఉద్యోగ తరగతులలో జన్మస్థానపు లెక్క తీసివేయవలెను. ప్రధాన అర్జీదారునే లెక్కించి భార్యాబిడ్డలను లెక్కింపరాదు. గత సంవత్సరములలో వ్యర్థమైన సంఖ్యలను తిరిగి జమకట్టవలెను. బిడ్డ వయస్సును తండ్రి అర్జీ వేసిన దినముననే నిలుపవలెను. నాలుగు వాక్యములు. వీనిని ముద్రించి, సభకు వచ్చిన ప్రతి పౌరునిచే అతని నియోజకవర్గపు పేరుతో సంతకము చేయించి, దండ వేయుటకు ముందు ఆ కాంగ్రెసు సభ్యుని చేతికీయవలెను. కార్డు వచ్చినవారు ముందు వరుసలో నిలిచి సంతకములు చేయుదురుగాక. చేయనివారి పేరులను మేమడుగము. వారి పిల్లలతో ఒకే బడిలో చదువుచు, వచ్చు వేసవికి ఇరువదియొకటి నిండు పిల్లలు అడుగుదురు.